ముఖం మార్పునకు సంజాయిషీ

కార్మికుల ముఖాలు సరిచూడాలని గృహవసతి మండలి తీర్మానించిన నాటికి మజ్జి గౌరీశ్వరరావు దగ్గర తొమ్మిది కెమెరాలు ఉన్నాయి. వాటిలో నాలుగింటికి ఫిల్ము దొరకదు. రెండింటికి బ్యాటరీ దొరకదు. ఒకటి బాగానే పనిచేస్తుంది గానీ, అది తీసిన బొమ్మల్ని ఇప్పటి కంప్యూటర్లు చదవవు. ఇంకొకదాన్ని ఆయన భార్య ఇందుమతి భద్రంగా ఎక్కడో దాచింది. ఎక్కడన్నది ఆమెకూ గుర్తులేదు. తొమ్మిదోది ఫోను.

మా గోనెపేటలో జనపనార మిల్లు నడిచినన్నాళ్ళూ గౌరీశ్వరరావు అందులో టైమ్‌కీపరు. ఎవరు ఎన్నింటికి లోపలికి వచ్చారో, ఎన్నింటికి బయటికి వెళ్ళారో రాసుకోవడం ఆయన ఉద్యోగం. ఫొటోలు తియ్యడం ఆయన సరదా. జీతం ఉద్యోగానికి వచ్చేది, మనసు సరదా మీద ఉండేది.

మొదటిది బాక్సు కెమెరా. మిల్లు వదిలి వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు, సామాను తగ్గించుకోవాలని, పదిహేనేళ్ళ గౌరీశ్వరరావు చేతిలో పెట్టి వెళ్ళాడు. రీలుకి ఎనిమిదే బొమ్మలు. ఒక్క బొమ్మ తియ్యాలంటే వారం రోజులు ఆలోచించేవాడు. వారం ఆలోచించి వెళ్ళేసరికి అక్కడ ఆ బొమ్మ ఉండేది కాదు.

తరువాతది మడత కెమెరా. దాని తోలు సంచికి ఎక్కడో చిల్లు ఉంది. ఏ ఫొటో తీసినా పైనుంచి ఒక వెలుగు చార దిగేది. దేవుడి ఊరేగింపులకు ఆ కెమెరాయే కావాలని ఊళ్ళో వాళ్ళు పట్టుబట్టేవారు. చిల్లు కనిపెట్టి అతికించిన రోజు నుంచి గౌరీశ్వరరావుకి భక్తి తగ్గిందన్నారు.

మూడోది రెండు కళ్ళ కెమెరా. ఛాతీ దగ్గర పట్టుకుని, తలొంచుకుని, పైనున్న అద్దంలోకి చూసి తియ్యాలి. దాంతో ఊళ్ళో ఆయన మీద గౌరవం పెరిగింది. ఆడవాళ్ళ ఫొటో తీసేటప్పుడు కూడా తలెత్తి చూడడని చెప్పుకునేవారు.

తన కెమెరా ఆయన ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. తన పెళ్ళి ఫొటోలు కూడా తానే తీసుకున్నాడు. తలంబ్రాలప్పుడు లేచి వెళ్ళి తీశాడు, అప్పగింతలప్పుడు లేచి వెళ్ళి తీశాడు. ఆ ఆల్బములో పీటల మీద ఇందుమతి ఒక్కతే, పక్కన ఖాళీ పీటతో, ముప్పై రెండు ఫొటోల్లో కూర్చుని ఉంటుంది. "నన్నెవరికిచ్చి చేశారో ఆల్బం చూసి ఎవరూ చెప్పలేరు," అంటుందామె, ఇప్పటికీ.

ఎనభై ఐదులో మిల్లు వాళ్ళు కార్మికులందరికీ ఫొటో కార్డులు పెట్టారు. స్టూడియోకి పంపితే పని గంటలు పోతాయని మేనేజరు గౌరీశ్వరరావుని పిలిచి, "మీరే తీసెయ్యండి," అన్నాడు. క్యాంటీను గోడకి సున్నం కొట్టించి, ముందర స్టూలు వేసి, పదకొండు ఆదివారాలు నాలుగు వందల పన్నెండు మందిని తీశాడు. వాళ్ళలో చాలామందికి అదే మొదటి ఫొటో. ఒకాయన అప్పు చేసి కొత్త చొక్కా కుట్టించుకుని, ఆ చొక్కా నలగకుండా రెండు మైళ్ళు చేతులు చాపుకుని నడిచి వచ్చాడు.

గేదెల అసిరితల్లి మాత్రం మొహం మీద కొంగు కప్పుకుని వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు. కండెలు చుట్టే విభాగంలో పని. చిన్నప్పుడు అమ్మవారు పోసి మొహమంతా గుంటలు పడ్డాయి.

"బావూ, ఈ మచ్చలు పడకండా తియ్యనేవా?" అని అడిగింది.

"తీసేటప్పుడు పడతాయమ్మా. తీశాక చూద్దాం," అన్నాడు గౌరీశ్వరరావు.

తీశాక నెగెటివుని కిటికీ దగ్గర అద్దం మీద పెట్టి, సూదిలా చెక్కిన గట్టి పెన్సిలుతో, భూతద్దంలోంచి చూస్తూ ఒక్కొక్క గుంటనీ పూడ్చాడు. మూడు మధ్యాహ్నాలు పట్టింది. అలా దిద్దడం ఆయన పక్క ఊరి స్టూడియోలో నేర్చుకున్నాడు గానీ అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. కార్డు చేతికిచ్చినప్పుడు అసిరితల్లి చాలాసేపు చూసింది. "ఇది నానేనా?" అంది. రెండు రోజులు ఆ కార్డు పట్టుకుని పేటంతా తిరిగింది.

పని ముగిసేసరికి మిగిలింది గౌరీశ్వరరావు కార్డు ఒక్కటే. ఫొటో అంటించే గడి ఖాళీగానే ఉంది. గడిలో మేనేజరు, 'వీరిని అందరూ ఎరుగుదురు' అని రాసి సంతకం పెట్టాడు.

ఆ తరువాత కెమెరాలు తొందరపడ్డాయి. రంగు ఫిల్ము వచ్చింది, చీకటి గది మూతపడింది. తనంతట తానే దూరం లెక్కగట్టుకునే కెమెరా వచ్చింది, గౌరీశ్వరరావుకి ఇరవై ఏళ్ళు పట్టిన విద్య ఒక మీటకి దిగింది. డిజిటల్ వచ్చింది. మొదటి నెలలో పన్నెండు వందల ఫొటోలు తీశాడు. అవన్నీ ఆయన ఇంటి వేపచెట్టువి. అన్నీ ఉన్న డిస్కు ఒకనాడు టిక్కుటిక్కుమని ఆగిపోయింది. అంతకుముందు ఏదైనా పోతే ఒక ఫొటో పోయేది. ఇప్పుడు ఆరేళ్ళు ఒకేసారి పోయాయి. చివరికి ఫోను వచ్చింది. దానికి ఏమీ చెప్పక్కర్లేదు, అదే చెబుతుంది. "నవ్వండి," అంటుంది. ఆయన మూడు రోజులు దానితో మాట్లాడలేదు.

ఈలోగా మిల్లు మూతపడింది. కార్మికుల క్వార్టర్లను చూసుకోవడానికి గృహవసతి మండలి ఏర్పడింది. బతికి ఉన్నంతకాలం కార్మికులు అందులో ఉండవచ్చునని ఒప్పందం. ఫొటో కార్డులు ఇచ్చిన నలభై ఏళ్ళకి అలా మిగిలినవాళ్ళు నూట అరవై ముగ్గురు. గౌరీశ్వరరావుది సొంత ఇల్లు గనక ఆ లెక్కలో లేడు.

ఇదీ ప్రభంజనరావు మండలికి ప్రత్యేకాధికారిగా వచ్చేనాటికి ఉన్న పరిస్థితి.

ప్రభంజనరావు మంచివాడే. పట్నంలో మూడు రోజుల శిక్షణకు వెళ్ళివచ్చాడు. వచ్చేటప్పుడు ఒక పలక కంప్యూటరు తెచ్చాడు. క్యాంటీనులో కార్మికుల్ని సమావేశపరిచి, ఆ పలకని ఎత్తి చూపించాడు.

"ఇంతకాలం మనం మనుషుల్ని నమ్ముకుని పరిపాలన చేశాం. ఇకమీదట ఆ అవసరం లేదు. ఈ యంత్రం మీ ముఖాన్ని మీ కార్డు మీది ఫొటోతో సరిచూస్తుంది. ఇకపై ఎవరూ అబద్ధం చెప్పలేరు. ఎందుచేతనంటే మేము ఎవరినీ ఏమీ అడగబోము."

మర్నాడు ఉత్తర్వు గోడకెక్కింది. అందులో ఇలా ఉంది: 'రికార్డునందలి ఫొటోయే అసలు ప్రతి. వ్యక్తి దానికి నకలు మాత్రమే. నకలు అసలుతో నూటికి ఎనభై పాళ్ళు సరిపోలని పక్షంలో, సదరు వ్యక్తి ముఖం మార్పునకు పదిహేను రోజులలోగా సంజాయిషీ ఇచ్చుకోవలెను. లేనిచో క్వార్టరు ఖాళీ చేయవలెను.'

సరిచూసే రోజున క్యాంటీను ముందు బారు కట్టారు. పలక పట్టుకున్నది సుహాసిని అనే ఉద్యోగిని. ఉన్న విషయం చెప్పడం తప్ప ఆ పిల్లలో ఇంకే దోషమూ లేదు. ఎనభై ఐదులో ముప్పై ఏళ్ళున్న వాళ్ళు డెబ్బై ఏళ్ళ మొహాలతో వచ్చి నిలబడ్డారు. పళ్ళు పోయినవాళ్ళు, జుట్టు పోయినవాళ్ళు, కన్ను పోయినవాళ్ళు. పలక ఒక్కొక్కరినీ చూసి ఎర్రబడింది.

సాయంత్రానికి లెక్క తేలింది. నూట అరవై ముగ్గురిలో అర్హులు ఇద్దరు.

ఒకటి, గోడకి దండ వేసి ఉన్న పాత మేనేజరు చిత్రపటం. సుహాసిని పలకని అటు తిప్పినప్పుడు పొరపాటున పడింది. ఆయన కార్డు మీదిదీ అదే ఫొటో గనక నూటికి నూరు సరిపోయింది. ఆయన పోయి ఇరవై ఏళ్ళయినా, నిబంధనల ప్రకారం క్వార్టరుకి సంపూర్ణ అర్హుడయ్యాడు.

రెండు, ఢిల్లీశ్వరరావు. ఇతను మిల్లులో ఎప్పుడూ పనిచెయ్యలేదు. మిల్లు మూసేనాటికి ఏడేళ్ళవాడు. తాత తవిటయ్యని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. తాతని చూసి ఎర్రబడిన పలక, పక్కనున్న మనవడిని చూసి పచ్చగా వెలిగి, 'దువ్వు తవిటయ్య, వయసు 74' అని పలికింది.

"అభినందనలు తవిటయ్యగారూ," అన్నాడు ప్రభంజనరావు మనవడితో. "ఈ వయసులో మీ ఆరోగ్యం తక్కినవారికి ఆదర్శప్రాయం."

"నేను కాదు సార్. తవిటయ్యంటే ఈయన. మా తాత."

"తమ వినయం మెచ్చుకోదగ్గదే. కానీ రికార్డుకి వినయంతో పనిలేదు."

తవిటయ్య కర్ర ఆనించుకుని ముందుకొచ్చాడు. "మరి నానెవుల్ని బావూ?"

ప్రభంజనరావు కాగితాలు తిరగేశాడు. "అది తేలవలసి ఉన్నది," అన్నాడు.

ఆ వారంలోనే ఢిల్లీశ్వరరావుకి కుదిరిన సంబంధం వెనక్కి వెళ్ళింది. పెళ్ళికూతురి మేనమామ మండలి కార్యాలయంలో ఆరా తీస్తే, వయసు డెబ్బై నాలుగని చెప్పారట.

అసిరితల్లికి వచ్చింది ముప్పై ఒక్క పాళ్ళు. ఆమె నోటీసు తక్కినవాళ్ళ నోటీసుల్లాంటిది కాదు. దాన్ని పట్టుకుని ఆమె నేరుగా గౌరీశ్వరరావు ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే కూలబడి, కాగితం చాపింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. 'తమ ముఖమునందు రికార్డులో లేని నలభై ఆరు మచ్చలు అదనముగా ఉన్నట్లు యంత్రము కనుగొన్నది. సదరు మచ్చలను ఎప్పుడు, ఎవరి అనుమతితో పొందినదీ తెలుపవలెను.'

"నలపై ఏళ్ళు ఉన్న గది బావూ," అంది అసిరితల్లి. "మా ఆయన ఆ గదిలోనే పోనాడు. నాకు పిల్లా జెల్లా నేరు. ఈ మొకం నాది కాదంటన్నారు. మరెవుల్ది? నానేటి సెయ్యాల?"

గౌరీశ్వరరావు కాగితం మొదటినుంచి మళ్ళీ చదివాడు. ఆ నలభై ఆరు మచ్చల్నీ ఆయన ఒక్కొక్కటిగా ఎరుగును. ఆయన జీవితంలో చేసిన అన్నిటికన్నా మంచి పని అదేనని అనుకుంటూ వచ్చాడు.

"తప్పు నాదమ్మా," అన్నాడు చివరికి. "పద, చెప్పేద్దాం."

ప్రభంజనరావు ఇద్దరినీ కూర్చోమన్నాడు. నోటీసు అందుకుని, చాలా మర్యాదగా అడిగాడు.

"అమ్మా, ఈ మచ్చలు మీకు ఉద్యోగ నియామకానికి పూర్వం కలిగినవా, అనంతరం కలిగినవా?"

"నా ఐదో ఏట అమ్మోరు పోసింది బావూ."

"పూర్వం కలిగినవైతే ఫొటోలో ఉండాలి. లేవు. అనంతరం కలిగినవైతే ముప్పై రోజులలో తొమ్మిదో నంబరు ఫారంలో తెలియజేయాలి. తెలియజేయలేదు. ఏ విధంగా చూసినా ఈ మచ్చలకు చట్టబద్ధత లేదు."

గౌరీశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, మచ్చలు అప్పుడూ ఉన్నాయి. ఫొటోలో నేనే తీసేశాను. పెన్సిలుతో."

ప్రభంజనరావు కలం కింద పెట్టాడు.

"మీరు... అధికారిక రికార్డుని... పెన్సిలుతో దిద్దారా?"

"అప్పటికది రికార్డు కాదండి. ఫొటో."

"ఈమెది ఒక్కటేనా?"

గౌరీశ్వరరావు అబద్ధమాడలేదు. "కొంచెం కొంచెం అందరికీ దిద్దానండి. ఒకరికి గాటు, ఒకరికి పులిపిరి. అందరూ బాగుండాలని."

"ఈ మాట మీరు రాతపూర్వకంగా ఇస్తే ఏమవుతుందో తెలుసునా? నాలుగు వందల పన్నెండు ఫొటోలూ చెల్లవు. అసలు ప్రతులే లేనప్పుడు నకళ్ళ ప్రసక్తే లేదు. అందరి క్వార్టర్లూ ఒకేసారి రద్దు. ఇవ్వకపోతే ఈమె ఒక్కతే వెళ్ళవలసి వస్తుంది. ఏది మీకు సమ్మతమో ఆలోచించుకుని రండి. కార్యాలయపు వేళలు పది నుంచి ఐదు."

బయటికొచ్చాక అసిరితల్లి, "రాయకు బావూ," అంది. "నా ఒక్కదాని కోసరం అందర్నీ రోడ్డున పడీకు." ఆయన తలవంచుకుని నడిచాడు. ఈసారి ఆయన చేతిలో కెమెరా లేదు.

మండలి మాత్రం మానవతా దృక్పథాన్ని వదిలిపెట్టలేదు. సంజాయిషీ ఇచ్చుకోలేనివారి కోసం క్యాంటీనులో రెండు రోజుల 'ముఖ సవరణ శిబిరం' పెట్టింది. నాటకాలకు రంగులు వేసే నలుగురిని పిలిపించారు. గోడకి ఎనభై ఐదు నాటి ఫొటోలు పెద్దవి చేసి అంటించారు. వాటిని చూసి ముసలివాళ్ళకి జుట్టుకి నలుపు పూశారు, నలుపు పూయడానికి జుట్టు లేనివాళ్ళకి విగ్గులు పెట్టారు. బుగ్గలు లోపలికి పోయినవాళ్ళ నోట్లో దూది ఉండలు పెట్టి, యంత్రం చూసేదాకా మాట్లాడవద్దన్నారు. మీసాలు రెండు కొలతల్లో వచ్చాయి, తమకు సరిపడినవి కాకుండా దొరికినవి పెట్టుకున్నారు.

ప్రభంజనరావు వరసల మధ్య తిరుగుతూ, "పదేళ్ళు తగ్గారు, శుభం. ఇంకొక ఇరవై ఏళ్ళు కృషి చెయ్యండి," అని ప్రోత్సహించాడు. ఒకామె కొడుకు తల్లిని వెతుక్కుంటూ వచ్చి, ఎవరు తన తల్లో తెలియక, బారు పొడుగునా "అమ్మా, అమ్మా," అని పిలుస్తూ నడిచాడు. ఆమె పలకలేకపోయింది. నోట్లో దూది ఉంది.

తవిటయ్యని తయారు చెయ్యడానికి ఢిల్లీశ్వరరావుని పక్కన నమూనాగా కూర్చోబెట్టారు. మూడు గంటలు శ్రమపడ్డాక పలక తాతని యాభై ఎనిమిది పాళ్ళు తవిటయ్యగా ఒప్పుకుంది. మిగిలిన నలభై రెండు పాళ్ళు మనవడి దగ్గరే ఉండిపోయాయి. తక్కినవాళ్ళలోనూ ఎవరూ ఎనభైకి చేరలేదు.

అసిరితల్లి మొహానికి రంగు మూడు పొరలు వేశారు. ఒక్క గుంట కనిపించలేదు, ఒక్క కదలికా కనిపించలేదు. సుహాసిని పలక పట్టి చూసి, "డెబ్బై ఆరండీ. ఇంకొక్క పొర వేస్తే ఎనభై వస్తుంది," అంది.

అసిరితల్లి అద్దంలో చూసుకుంది. తరువాత లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి, నీళ్ళు కొట్టుకుని, కొంగుతో గట్టిగా తుడుచుకుంది.

"ఏమ్మా, ఏమైంది?" అన్నాడు గౌరీశ్వరరావు వెనకాలే వెళ్ళి.

"అప్పుడు కోరుకున్నాను బావూ. నిజిమే. అప్పుడు నాకు ఇరవయ్యారు. ఇప్పుడు ఈ మొకంతో నలపై ఏళ్ళు బతికినాను. మా ఆయన ఈ మొకం సూసే మనువాడినాడు. కార్డు మీద బొమ్మని సూసి కాదు. ఆ బొమ్మ ఎవుల్దో గానీ నాది కాదు."

ఆ మాట గౌరీశ్వరరావుకి గుచ్చుకుంది. ఇంటికి వచ్చి అటక మీది సామాను దింపించాడు. మిల్లు నెగెటివులు బిస్కెట్ల డబ్బాల్లో, ఒక్కొక్కటి వెన్న కాగితంలో చుట్టి, మీద పేరు రాసి ఉన్నాయి. డిజిటల్ బొమ్మలు ఆరేళ్ళవి ఒక్క పూటలో పోయాయి గానీ, ఇవి నలభై ఏళ్ళు అటక మీద ఎలకలతో కాపురం చేసి కూడా చెక్కుచెదరలేదు. అసిరితల్లిది మూడో డబ్బాలో దొరికింది.

పెన్సిలు గీత ఫిల్ము మీద పైపైనే ఉంటుంది. కర్పూర తైలంలో ముంచిన దూదితో తుడిస్తే పోతుంది. ఈ సంగతి తెలిసి కూడా ఆయన చాలాసేపు దూది పట్టుకుని కూర్చున్నాడు.

ఇందుమతి వంటింట్లోంచి చూసింది. "ఇంకా కూర్చున్నారేం? అసిరితల్లి గది కోసం మూడు మధ్యాహ్నాల పని పోతే పోయింది. తుడవండి," అంది.

తుడిచాడు. మూడు మధ్యాహ్నాల పని మూడు నిమిషాల్లో దూదికి అంటుకుంది. కంప్యూటరు తెర తెల్లగా వెలిగించి, దానికి నెగెటివు ఆనించి, ఫోనుతో ఫొటో తీశాడు. కంప్యూటరులో నలుపుని తెలుపు, తెలుపుని నలుపు చేశాడు. తరువాత అసిరితల్లికి కబురు పెట్టాడు.

ఆమె తెర ముందు కూర్చుంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, గట్టిగా బిగించిన జడ, మొహమంతా గుంటలు, కెమెరాని ఏ మాత్రం నమ్మని కళ్ళు.

"ఈవిడెవులు?" అంది మొదట. తరువాత తెర మీద వేలు పెట్టి, ఎడమ బుగ్గ మీది మచ్చని తడిమి, అదే చోట తన బుగ్గనీ తడిమి చూసుకుంది. "ఒలమ్మ! నానే. ఏటి బావూ, నాను ఇలాగుండేదాన్నా? బాగానే ఉన్నాను కదా. మరెందుకు కొంగు కప్పుకుని తిరిగినాను అన్నేళ్ళూ?"

ఇందుమతి ఆమెకి టీ ఇచ్చింది.

మర్నాడు ఇద్దరూ మండలికి వెళ్ళేసరికి ప్రభంజనరావు అంతకుముందులా లేడు. బల్ల మీద పెద్ద కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. ముఖాల పరిశీలన జయప్రదంగా ముగించినందుకు అందులో ఆయనను ప్రశంసించారు. అర్హులు ఇద్దరే తేలినందున, అందులో ఒకరు చిత్రపటం అయినందున, ఇద్దరి కోసం మండలి అనవసరమని, దానిని ఎత్తివేస్తున్నామని, ప్రత్యేకాధికారి పదవి కూడా అంతటితో ముగుస్తుందని రాశారు. నెలాఖరులోగా అర్హుల సంఖ్య యాభై దాటితే పునరాలోచిస్తారట.

"రండి, రండి," అన్నాడు ప్రభంజనరావు లేచి నిలబడి. "అమ్మా, కూర్చోండి. మీ మచ్చల విషయం నన్ను చాలా బాధించింది."

గౌరీశ్వరరావు బొమ్మ చూపించాడు. సుహాసిని పలక పట్టింది. పచ్చగా వెలిగింది.

"తొంభై ఏడు," అంది సుహాసిని. "మచ్చలన్నీ ఎక్కడివక్కడ సరిపోయాయి సార్. ఇంత బాగా ఎవరిదీ సరిపోలేదు."

"మరి తక్కినవాళ్ళకి మచ్చలు లేవే!" అన్నాడు ప్రభంజనరావు దిగులుగా.

"సార్," అంది సుహాసిని, "వీళ్ళందరినీ ఫొటో తీసినది ఈయనే కదా. పేరు పేరునా ఎరుగుదురు. ఎవరు ఎవరో ఈయన్నే అడిగితే?"

ప్రభంజనరావు మొహం మెల్లగా వికసించింది. వెంటనే ఉత్తర్వు చెప్పి రాయించాడు: 'యంత్రము నిర్ణయింపజాలని సందర్భములలో, ఒక మనిషిని మరొక మనిషి చూసి గుర్తించు నూతన విధానము ప్రవేశపెట్టడమైనది. దీనిని మానవాధారిత ముఖ సరిపోలిక పద్ధతి అని వ్యవహరించవలెను.' ఈ పద్ధతి కనిపెట్టినందుకు తరువాత ఆయనకి శాలువా కప్పారు.

"ఇక మీరు సంతకం పెట్టడమే తరువాయి," అన్నాడు గౌరీశ్వరరావుతో. "ముందు మీరు మీరేనని తేలాలి. సుహాసినీ, వీరి కార్డు తియ్యి."

సుహాసిని తీసింది. ఫొటో గడి ఖాళీ.

"వీరి ఫొటో లేదు సార్."

"అదేమిటి! అందరివీ తీసి మీది తీసుకోలేదా?"

"కుదరలేదండి," అన్నాడు గౌరీశ్వరరావు. "వేరే కార్డుల మీద ఉన్నాయి. బ్యాంకుది, ఓటుది..."

"అన్య శాఖల ముఖాలు మాకు చెల్లవు. ఇప్పుడు తీద్దాం. మీ ఫొటో మీరే తీసుకుంటే స్వీయ ధ్రువీకరణ అవుతుంది, చెల్లదు. మా సిబ్బంది తీస్తే పక్షపాతమంటారు. మిల్లు రికార్డులో సరిపోలిన కార్మికులే ఎవరైనా తియ్యాలి. అటువంటివారు..." అని లెక్కపెట్టి ఆగాడు. చిత్రపటం తియ్యలేదు. ఢిల్లీశ్వరరావు, తాను తవిటయ్యనని ఇంకెక్కడా సంతకం పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. మిగిలింది ఆ ఉదయమే సరిపోలిన ఒక్క మనిషి.

"నానా?" అంది అసిరితల్లి. "నాకు తలుపు గొళ్ళెం తప్ప ఏదీ నొక్కడం రాదు."

అందరూ క్యాంటీను గోడ దగ్గరికి వెళ్ళారు. గౌరీశ్వరరావు జేబులోంచి ఫోను తీశాడు. తీసి, చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. యాభై ఐదేళ్ళలో తన కెమెరాని ఇంకొకరి చేతిలో పెట్టింది లేదు. అసిరితల్లి చెయ్యి చాపి ఎదురుచూసింది. ఇచ్చాడు. గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు. అటువైపు నిలబడితే ఇంత కష్టంగా ఉంటుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

"నవ్వు బావూ," అంది అసిరితల్లి.

"అలా కాదమ్మా, కొంచెం పైకెత్తు. వెలుగు నీ వెనకనుంచి రావాలి. కుడి చేతి వేలు పక్కకి, అది కాదు, బొటనవేలు..."

ఆమె నొక్కేసింది.

బొమ్మ ఒక పక్కకి ఒరిగింది. కింది మూల మూడో వంతు అసిరితల్లి బొటనవేలే ఉంది. మధ్యలో గౌరీశ్వరరావు, నోరు తెరిచి, చెయ్యి ముందుకు చాపి, కళ్ళజోడు జారిపోతూ ఉన్నాడు. ప్రభంజనరావు దాన్ని చాలా శ్రద్ధగా పరిశీలించాడు.

"వేలిముద్ర కూడా పడింది. మంచిదే," అన్నాడు. "ఈయన ఏం చేస్తున్నట్టు?"

"ఫొటో తీస్తున్నారు సార్," అంది సుహాసిని.

కార్డు మీద గడిలో అది అంటించి ముద్ర వేశారు. ఆ రోజు సాయంత్రం ఐదు లోపల గౌరీశ్వరరావు మిగిలిన నూట అరవై ఇద్దరినీ పేరు పేరునా పిలిచి, చూసి, సంతకాలు పెట్టాడు. తవిటయ్య మళ్ళీ తవిటయ్య అయ్యాడు. ఢిల్లీశ్వరరావు ఇరవై తొమ్మిదేళ్ళవాడయ్యాడు.

జనం వెళ్ళిపోయాక అసిరితల్లి తన కాగితం మడిచి రొంటిని దోపుకుని, ఆయన దగ్గరికి వచ్చింది.

"బాగా వొచ్చిందా బావూ, బొమ్మ?"

గౌరీశ్వరరావు ఫోను తెరిచి మళ్ళీ చూశాడు. ఒరిగింది. వెలుగు తప్పు వైపు ఉంది. స్పష్టంగా ఉన్నది వెనకాల గోడ మాత్రమే. ఆ వేలొక్కటి పక్కకి పెట్టి ఉంటే, అని మొదలుపెట్టబోయి, మానుకున్నాడు.

"బాగా వచ్చిందమ్మా," అన్నాడు. "నీకొకటి, ఇంట్లో మా ఆవిడకొకటి కడిగించి ఇస్తాను."